1944 నాటి ఆవు

యుద్ధ దృశ్యాలను చిన్న బొమ్మలతో చూపే డయోరమాలు చేసేవారు ట్యాంకు మీది మరలు కూడా లెక్కపెడతారు. సైనికుడి చొక్కా గుండీ ఏ ఏడాదిదో పోల్చుకుంటారు. అదే దృశ్యంలో గోడవారన నిలబెట్టిన ఆవు దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టింపు చాలాకాలం లేదు. ఏదో ఒక ఆవు ఉంటే చాలనుకున్నారు.

బొమ్మ పశువుల వెనుకా ఒక యుద్ధం ఉంది. లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను 1893 నుంచి పోతపోస్తున్న లండన్ సంస్థ విలియం బ్రిటన్, మొదటి ప్రపంచ యుద్ధంతో సైనికుల బొమ్మలంటే జనానికి మొహం మొత్తాక, 1920ల్లో ఆవులు, గొర్రెలు, రైతుల బొమ్మలు తెచ్చింది. అవి దాదాపు 1/32 స్కేల్‌వి. 1960ల మొదట్లో జపాన్ సంస్థ తమియా, మోటారూ బ్యాటరీలూ పట్టేలా తన పాంథర్ ట్యాంకు బొమ్మ కొలతలు నిర్ణయించుకుంది. అలా 1/35 వాడుకలోకి వచ్చింది. 140 సెంటీమీటర్ల ఎత్తున్న ఆవు మొదటి స్కేల్‌లో 4.4 సెంటీమీటర్లు, రెండో దాంట్లో 4. పక్కన సైనికుణ్ణి నిలబెడితే ఆ తేడా దాగదు.

1970ల్లో అమెరికన్ కళాకారుడు షెపర్డ్ పెయిన్ మోనోగ్రామ్ సంస్థ మోడల్ కిట్లకు జతచేసిన కరపత్రాలు డయోరమాకు కథ చెప్పడం నేర్పాయి. కథ అన్నాక ఊరు కావాలి, ఊరన్నాక పశువులు కావాలి. తమియా ప్లాస్టిక్‌లో పశువుల సెట్టు తెచ్చింది. తర్వాత రెజిన్ పోతల్లో చర్మపు ముడతలు కూడా తేలాయి. రూపం బాగుపడింది కానీ, జాతి సంగతి ఎక్కువమంది అడగలేదు.

1944లో పోరాటాలు జరిగిన ఫ్రాన్సులోని నార్మండీనే తీసుకుందాం. అక్కడి నార్మాండ్ ఆవుల వంశావళి గ్రంథం 1883లోనే మొదలైంది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, చారలు, కళ్ల చుట్టూ అద్దాలు పెట్టినట్టు ముదురు వలయాలు, తలపై కొమ్ములు దాని గుర్తులు. మన ఒంగోలు జాతికున్న మూపురం దానికి ఉండదు. అయినా 1944 దృశ్యాల్లో నలుపు తెలుపు హోల్‌స్టైన్ ఆవే మేస్తుంటుంది. ఫ్రాన్సు పాడిలో ఆ జాతిదే పైచేయి కావడం యుద్ధం తర్వాతి మాట. పందుల విషయంలో నాకు మరీ బాధ కలుగుతుంది. నల్ల మచ్చల తెల్ల పంది బేయూ ఆ ప్రాంతపు సొంత జాతి. 1944 పోరాటాల్లో అది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ దృశ్యంలో దాన్ని చేర్చకపోవడం యుద్ధం చేసిన నష్టాన్ని మళ్లీ చెరిపేయడమే అంటాను.

గుర్రాలు ఇంకా ముఖ్యం. జర్మన్ సైన్యం రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 27.5 లక్షల గుర్రాలు, కంచరగాడిదలు వాడింది. 1944 ఆగస్టులో నార్మండీలోని ఫలేజ్ దారుల నిండా వాటి కళేబరాలే. చచ్చిన పశువు కడుపు ఉబ్బుతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి. దీన్ని పుట్టీతో మలచడం కష్టం, చూడటం అంతకంటే కష్టం. అయినా ట్యాంకులు మాత్రమే చూపే ఫలేజ్ అబద్ధం.

ఇప్పుడు 3డి ప్రింటింగ్‌తో ఏ జాతినైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. చిక్కేమిటంటే కంప్యూటర్ నమూనాకు ఆధారం నేటి పశువుల ఫోటోలు. కొమ్ములు తీసేసిన తలలు, చెవికి ప్లాస్టిక్ బిళ్లలు, పాడి కోసం పెంచిన పెద్ద పొదుగులు అలాగే 1944లోకి వచ్చేస్తాయి. ఆనాటి పశువుల ప్రదర్శనల ఫోటోలు ముందు పెట్టుకుని బిళ్ల తీసేసి, పొదుగు తగ్గించి, పుట్టీతో కొమ్ములు పెట్టాకే రంగు వేయాలి.