అంబాసిడర్‌లో ఎర్రదీపం ఆరకుంటే..

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన అంబాసిడర్ కార్లలో బాగా పాతవాటికి ఆల్టర్నేటర్ ఉండదు. డైనమోయే బ్యాటరీని ఛార్జి చేస్తుంది. బండి స్టార్టు కాకపోగానే కొత్త బ్యాటరీ కొనడం యజమానులు తరచూ చేసే పొరపాటు. లోపం డైనమోలో ఉంటే కొత్తదీ నాలుగు రోజులకే మొరాయిస్తుంది.

ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు డాష్‌బోర్డుపై ఎర్రదీపం మిణుకుమనడం డైనమో బండ్లకు సహజమే. వేగం పెంచినా ఆరకుంటేనే అనుమానించాలి. ముందుగా ఫ్యాన్ బెల్టును వేలితో నొక్కి చూడాలి. అర అంగుళానికి మించి లోపలికి పోతే బిగించాలి. తర్వాత ఇంజిన్ ఆపి, డైనమోకున్న డి, ఎఫ్ తీగలు రెండూ విప్పి, ఆ టెర్మినళ్లను చిన్న తీగతో కలపాలి. అక్కడి నుంచి డైనమో బాడీకి వోల్ట్‌మీటరు పెట్టి, ఇంజిన్ వేగాన్ని మెల్లగా పెంచాలి. ముల్లు తడబడకుండా 20 వోల్టులకు చేరితే డైనమో మంచిదే. దోషం తీగల్లోనో, కటౌట్ పెట్టెలోనో ఉన్నట్లు. అంతకుమించి రేజ్ చేయరాదు, డైనమో దెబ్బతింటుంది. ముల్లు పైకి లేవకుంటే కార్బన్ బ్రష్‌లు అరిగాయేమో, కమ్యుటేటర్‌కు మసి పట్టిందేమో పరిశీలించాలి.

ఇంజిన్ ఆపినా కటౌట్ కాంటాక్టులు విడివడకపోతే ప్రమాదమే. బ్యాటరీలోని కరెంటు డైనమోలోకి ఎదురు పారి తీగలు కాలిపోతాయి. అటువంటప్పుడు తక్షణమే బ్యాటరీ తీగను తొలగించాలి.