గుండ్లకమ్మ తీరాన కొత్త అస్తిత్వం: ఒంగోలు క్రైస్తవోద్యమం

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఒంగోలు, కనిగిరి ప్రాంతాల మాదిగలు పెద్దసంఖ్యలో క్రైస్తవం స్వీకరించడానికి కరువే కారణమని కొందరు, మిషనరీల ప్రబోధమే కారణమని మరికొందరు భావించారు. అయితే ఆ ఉద్యమానికి నాంది పలికినవాడు కరువుకు పదేళ్ల ముందే మనశ్శాంతిని వెదుక్కుంటూ తిరిగిన ఒక తోళ్ల వ్యాపారి అన్న సంగతికి ఈ రెండు వాదాల్లోనూ తగినంత చోటు దక్కలేదు.

తలకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడు కాకముందు రాజయోగం, అంటే విగ్రహంతో పనిలేకుండా ధ్యానం ద్వారా పరమాత్మను తనలోనే దర్శించవచ్చునని బోధించే సాధన, అభ్యసించినవాడు. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టినవారిని ఆ సాధన నేర్పే గురువులు శిష్యులుగా చేర్చుకునేవారు. పేరయ్య తోళ్ల బేరానికి ఉత్తరాన ఏలూరు దాకా వెళ్ళినప్పుడు క్రీస్తును గురించి విని, 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం, అంటే నీట ముంచి ఇచ్చే క్రైస్తవ దీక్ష, పొందాడు. అమెరికన్ బాప్టిస్టులు తెలుగువారి మధ్య 1836లోనే పని ప్రారంభించినా, మూడు దశాబ్దాల తరవాత, 1867 జనవరి 1న వారి మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు సంఘాన్ని ఏర్పరచేనాటికి అందులో ఉన్నది ఎనిమిదిమందే. పేరయ్య తనవారి పల్లెలకు కాలినడకన తిరిగి చెప్పనారంభించిన తరవాతే పరిస్థితి మారింది.

చేరదలచినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి ఇవి మతాచారాలుగానే కనిపించినా, ఒక్కొక్కటీ గ్రామవ్యవస్థ ఆయువుపట్టు మీదనే దెబ్బ తీసింది. ఊళ్ళో పశువు చస్తే దాన్ని ఎత్తవలసినవాడు మాదిగ. దాని తోలు ఊనించి రైతుకు చెప్పులు, నీరు తోడే కపిల బానలు కుట్టి ఇవ్వడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచినప్పుడు వెట్టికి, అంటే కూలి లేని చాకిరికి, పోవడం అతని విధి. ప్రతిఫలంగా కళ్లంలో మేర, అంటే ధాన్యంలో వాటా, దక్కేది. క్రైస్తవుడైన మాదిగ అమ్మవారి ముందు డప్పు కొట్టనన్నాడు. కోతల కాలమైనా ఆదివారం పొలానికి రానన్నాడు. అందుకు గ్రామపెద్దలు మేర ఆపడం, పనికి పిలవకపోవడం, దొంగతనం మోపి కచేరీకి ఈడ్వడం వంటి చర్యలకు దిగారు. ప్రార్థనలో శాంతి దొరికిందని చెప్పుకున్నవారికి ఊరిలో అది కరువైందన్నమాట. అయినా వారు డప్పు మళ్ళీ ఎత్తకపోవడాన్ని కేవలం ఆశతో మతం మారినవారి ప్రవర్తనగా వివరించడం కష్టం.

మతమార్పిడికి కారణం ఆశా, విశ్వాసమా అన్న ప్రశ్నను 1876–78 నాటి కరువు మరింత జటిలం చేసింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ గుత్తకు తీసుకొని వేలమందికి పని కల్పించాడు. అన్నంకోసం చేరారన్న మాట రాకుండా కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. సహాయం ఆగిపోయిన తరవాత కూడా జనం రావడంతో, 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లి వద్ద ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆనాడు క్లౌ స్వయంగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఏటిలో నిలబడి ఆ కార్యం నడిపించారు. తాకితే మైల అని ఎంచబడినవారికి ఈ దీక్ష తమవారి చేతులమీదుగానే అందిందన్నది ఆ భారీ అంకె కంటే గమనించదగిన విషయం.

క్రైస్తవులుగా వారు పొందిన ఈ కొత్త అస్తిత్వాన్ని ఆధునికార్థంలో వ్యక్తిగతమైనదని చెప్పడానికి లేదు. పేరయ్య అన్వేషణ ఒంటరిగా సాగినా, అతని తరవాతివారిలో అనేకులు పల్లె పెద్దలతో, బంధువులతో కలిసి నిర్ణయించుకున్నవారే. కులం పేరు కూడా వారిని వదలలేదు. చుట్టుపక్కల ఊళ్లకు వారు మాదిగలుగానే మిగిలారు. ఆ తరవాత రాజ్యాంగం కింద వెలువడిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసి, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినా, క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ కేటాయించారు.