చక్రాల చిందులు

1920 ప్రాంతాల్లో అమెరికాను ఒక నాట్యం ఊపేసింది. దాని పేరు షిమ్మీ. ఒళ్ళు నిలకడగా ఉంచి భుజాలు మాత్రం టకటకా ఆడించడమే అందులోని విద్య. పెద్దవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆ తరువాత కొద్దికాలానికే ఆ పూనకం మోటారు కార్లకూ పట్టుకుంది! బుద్ధిగా పోతున్న కారు ఉన్నట్టుండి ముందు చక్రాలను కుడికీ ఎడమకీ కొట్టుకునేది. స్టీరింగు చేతుల్లో గిజగిజలాడేది. ఆ జబ్బుకు కూడా షిమ్మీ అనే పేరే ఖాయమైంది.

పేరు సరదాగా ఉన్నా ప్రయాణం సరదాగా ఉండేది కాదు. స్టీరింగు పట్టుకున్నవాళ్ళ చేతులు తిమ్మిరెక్కేవి. ఊపు మరీ ఎక్కువైతే బండి మాట వినేది కాదు. కీళ్ళు అరిగేవి, అరిగినకొద్దీ ఊపు పెరిగేది.

ఇంతకీ ఇది ఎక్కడినుంచి వచ్చింది? సుఖంలోంచే వచ్చింది. పాతకాలపు టైర్లు సన్నగా, గట్టిగా ఉండేవి. 1923లో ఫైర్‌స్టోన్ కంపెనీ లావుపాటి బెలూన్ టైర్లు తెచ్చింది. తక్కువ గాలితో నడిచే ఆ టైర్ల మీద ప్రయాణం పరుపు మీద కూర్చున్నట్టుండేది. అదే రోజుల్లో ముందు చక్రాలకూ బ్రేకులొచ్చి వాటి బరువు పెరిగింది. రెండు చక్రాలకూ ఇరుసు ఒక్కటే. ఒక చక్రం గుంటలో పడితే ఇరుసంతా ఒరిగేది. తిరిగే చక్రానికి బొంగరం గుణం ఉంది కదా, అటు ఒరిగిస్తే అది ఇటు మళ్ళుతుంది. అలా ఊగడం మొదలయ్యేది.

జ్వరానికి లాగే దీనికీ కారణాలు ఎన్నో. అందుకని నాడి చూడాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదిపితే లొటలొటలాడిందా? తప్పు కీళ్ళది, బేరింగులది. ఏదో ఒక్క వేగం దగ్గరే ఊగి, అది దాటితే సర్దుకుందా? అప్పుడు చక్రం బరువు మీద అనుమానపడాలి. ఉయ్యాలను సమయానికి తగ్గట్టు తోస్తేనే కదా అది ఎత్తుకు లేచేది!

చక్రాన్ని జాకీ మీద లేపి మెల్లగా తిప్పి వదిలేస్తారు. ప్రతిసారీ అదే చోటు కిందికి వచ్చి ఆగితే బరువు అక్కడే ఉన్నట్టు. దానికి ఎదురుగా చిన్న సీసం ముక్క బిగిస్తే సరి. ఇక కమ్మీ వంగిందేమో చూడాలంటే, కదలకుండా పట్టుకున్న సుద్దముక్కకు చక్రాన్ని ఆనించి తిప్పుతారు. ఉబ్బిన చోటే గీత పడుతుంది. ఎక్కువైన బరువు చిన్నదే కదా అనుకోకండి. వేగం రెట్టింపైతే అది లాగే బలం నాలుగింతలవుతుంది.

అసలు చికిత్సకు మాత్రం మరికొన్నేళ్ళు పట్టింది. ఇంగ్లండు ఇంజనీరు మారిస్ ఓలీ జనరల్ మోటార్స్‌లో ఈ సంగతి మీద పనిచేశాడు. ఆ కంపెనీ 1934 మోడళ్ళలో ముందు చక్రాలు రెండూ దేనికది విడిగా కదిలే ఏర్పాటు వచ్చింది. ఒకదాని కుదుపు రెండోదానికి అంటడం తగ్గి, షిమ్మీ చాలావరకు అణిగింది.

ఇప్పుడు కారు ఎక్కేముందు చక్రం అంచును ఓసారి చూడండి. వేలెడంత లోహపు ముక్క ఏదైనా కనిపించిందా? చక్రం చిందులు మాన్పిస్తున్నది అదే!