మైనర్‌కు మందు అమ్మితే ఏడేళ్ల జైలు.. మరి 18 దాటి 21 నిండకపోతే?

అనంతపురం: చెనిక్కాయ పంట చేతికి రాని ఏడాది అనంతపురం పల్లెల్లో చాలామంది తల్లిదండ్రులు బెంగళూరు బస్సెక్కుతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. అలాంటి ఇంట్లో పదిహేనేళ్ల పిల్లోడి చేతిలో క్వార్టర్ సీసా కనిపిస్తే తిట్లు, దెబ్బలు వాడికే. అమ్మినవాడి సంగతి పక్కకు పోతుంది. చట్టం మాత్రం ముందు పట్టుకోమనేది ఆ అమ్మినవాడినే.

ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. 2019 నుంచి ఐదేళ్లు ప్రభుత్వమే షాపులు నడిపింది. 2024 అక్టోబర్ 16 నుంచి లాటరీలో దక్కించుకున్న ప్రైవేట్ వ్యాపారులు 3,396 షాపులు తెరిచారు. షాపు ఎవరిదైనా వయసు నిబంధన మాత్రం మారలేదు. దాన్ని మీరితే 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సుదారుడిపై కేసు పెట్టొచ్చు. సెక్షన్ 31 ప్రకారం లైసెన్సును సస్పెండ్ చేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. కౌంటర్ ముందు రద్దీ ఉన్నప్పుడు ఆధార్ చూపించమని అడిగే సేల్స్‌మన్ ఎంతమంది అన్నది వేరే మాట.

పిల్లోడికి 18 నిండకపోతే కథ పూర్తిగా మారిపోతుంది. 2015 బాలల న్యాయ చట్టం (జువెనైల్ జస్టిస్ యాక్ట్) సెక్షన్ 77 కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, రూ.లక్ష దాకా జరిమానా పడొచ్చు. 2000 నాటి పాత చట్టంలో ఇది మూడేళ్లే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సెక్షన్‌లో ఉన్న మాట ‘అమ్మితే’ కాదు, ‘ఇస్తే’. జాతరలోనో పెళ్లి విందులోనో "ఒక్క గుక్క తాగరా" అని గ్లాసు అందించిన చిన్నాన్న కూడా ఇందులోకి వస్తాడు. పిల్లలతో సీసాలు మోయించినా, అమ్మించినా సెక్షన్ 78 ఉంది. శిక్ష అంతే.

18 నిండి 21 నిండని కుర్రాళ్లకు ఈ చట్టం వర్తించదు. అక్కడ మిగిలేది ఎక్సైజ్ నిబంధనే. అంటే ఒక్క పుట్టినరోజు తేడాతో అమ్మినవాడి కేసు జైలు నుంచి లైసెన్సు దాకా దిగిపోతుంది.

బెల్టు షాపుకైతే అసలు లైసెన్సే ఉండదు, ఇక రద్దు చేసేదేముంటుంది? అక్కడ అక్రమ అమ్మకం కింద సెక్షన్ 34 కేసు నడుస్తుంది. బెల్టు షాపుకు సరుకు ఇచ్చిన లైసెన్సు షాపు దొరికితే తొలిసారి రూ.5 లక్షల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు.

సరిహద్దు గోల ఇంకొకటి. రాయదుర్గం నుంచి మడకశిర దాకా కర్ణాటక పక్కనే. టెట్రా ప్యాకెట్లు అటు నుంచే దొంగచాటుగా వస్తుంటాయి. కర్ణాటకలో చట్టం 21 ఏళ్లు అంటుంటే, లైసెన్సు నిబంధనల్లో 18 అని ఉంది. ఈ తేడా తీసేసి 18కే ఖాయం చేద్దామని అక్కడి ప్రభుత్వం ముసాయిదా తెచ్చి, వ్యతిరేకత రావడంతో 2023 జనవరిలో వెనక్కి తగ్గింది. అయితే సెక్షన్ 77 కేంద్ర చట్టం కాబట్టి 18 లోపు పిల్లలకు ఇస్తే అటైనా ఇటైనా నేరమే.

మరి ఏడేళ్ల శిక్ష ఉన్నా కేసు ఎక్కడ ఆగుతుంది? స్టేషన్ గుమ్మంలోనే ఆగొచ్చు. 2021లో చట్టాన్ని సవరించి, మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉన్న నేరాలను నాన్ కాగ్నిజబుల్ చేశారు. 2022 సెప్టెంబర్ 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. అంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. బెయిల్ దొరకడం కష్టం చేశారు సరే, అసలు కేసు మొదలవడమే కష్టమైంది! ఈ సవరణపై ఢిల్లీ బాలల హక్కుల కమిషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. కాగ్నిజబుల్ నేరం ఒక్కటి తోడైతే మాత్రం మొత్తం కేసును పోలీసులే దర్యాప్తు చేయొచ్చు.

కదిలితే ఎంత దూరం వెళ్తుందో పుణె చూపించింది. 2024 మే 19న 17 ఏళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు ఢీకొని ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు చనిపోయారు. అంతకుముందు అతడికి మద్యం పోసిన బార్ల వాళ్లను ఇదే బాలల న్యాయ చట్టం కింద అరెస్టు చేశారు. అక్కడ రెండు ప్రాణాలు పోయాక కదలిక వచ్చింది.

‘పెద్దోడిలా కనిపించాడు సార్’ అనే వాదన ఎప్పుడూ ఉండేదే. వయసు తేల్చడానికి సెక్షన్ 94లో వరుస ఉంది. ముందు స్కూల్ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే వైద్య పరీక్ష. కాబట్టి ఫిర్యాదు చేసే ఇంటివాళ్లు స్కూల్ కాగితం దగ్గర పెట్టుకోవాలి. షాపు పేరు, తేదీ, సమయం రాసి పెట్టుకుంటే మంచిది. సీసాను పారేయొద్దు.

కేసు పెడితే పిల్లోడే ఇరుక్కుంటాడేమోనన్న భయం చాలామందిలో ఉంది. సెక్షన్ 77లో నిందితుడు మద్యం ఇచ్చినవాడు, పిల్లోడు బాధితుడు. అవసరమైతే అతడిని జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్తారు, జైలుకు కాదు. పిల్లల విషయమైతే 1098, ఎక్సైజ్ ఫిర్యాదుకు 14405, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయొచ్చు. బెంగళూరులో ఉన్న తల్లిదండ్రులు అక్కడి నుంచి 1098కు చేసినా సరిపోతుంది, ఊరి పేరు, మండలం చెప్పాలి.