పప్పు సుబ్బారావు గారి అమ్మాయి

మన దేశంలో మొట్టమొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు తెలుగావిడే, అయ్యలసోమయాజుల లలిత గారు. ఈ సంగతి మీలో చాలామందికి ఫార్వర్డు మెయిల్లో వచ్చే ఉంటుంది. లోకాన్ని ఎదిరించి కూతుర్ని చదివించిన ఆదర్శ తండ్రి అంటూ సాగుతుంది కథ. అబద్ధం కాదు గానీ, నాకు మాత్రం అది పంటికింద రాయిలా తగులుతూ ఉంటుంది.

తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. కొత్త వస్తువులు కనిపెట్టే రకం. కరెంటుతో మోగే జెలెక్ట్రోమోనియం అనే వాద్యం, పొగ రాని పొయ్యి, విద్యుత్తుతో మంట పుట్టించే పరికరం... వీటికి పేటెంట్లున్నాయి. ఏడుగురు పిల్లల్లో లలిత గారు ఐదో ఆవిడ, 1919 ఆగస్టు 27న పుట్టారు. ఆ ఇంట్లో మగపిల్లలు ఇంజనీర్లయ్యారు. ఆడపిల్లల చదువు మామూలు బడి దగ్గర ఆగింది. ఈవిడకి 15వ ఏట పెళ్ళి చేసేశారు. పెళ్ళయినా ఎస్సెల్సీ దాకా చదవాలని తండ్రి పట్టుబట్టారు, అంతే.

1937లో భర్త పోయారు. ఈవిడకి 18 ఏళ్ళు, ఒళ్ళో నాలుగు నెలల పాప. ఇంజనీరింగ్ మాట ఆ తర్వాతే వచ్చింది. అన్నదమ్ములకి పుట్టుకతో వచ్చిన చదువు, ఈవిడకి విధవరాలయ్యాక వచ్చింది! సుబ్బారావు గారిని ఇప్పుడు బోనెక్కించాలని కాదు. కరెంటుతో పాట పలికించగల బుర్రకి కూడా కూతురు ఇంజనీరనే ఆలోచన తట్టడానికి ఒక చావు కావాల్సొచ్చింది, అదే నా బాధ.

క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక, ఆడవాళ్ళకి అలవాటైన డాక్టరు చదువు ఆవిడే వద్దనుకున్నారు. అర్ధరాత్రి పిలుపొస్తే పసిపిల్లని వదిలి పరుగెత్తాలి కదా. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే ఉద్యోగం కావాలి, అందుకు ఇంజనీరింగ్! (మన రిలీజ్ నైట్లు ఆవిడకి తెలియవు పాపం.) సుబ్బారావు గారు వెళ్ళి అడిగారు. ప్రిన్సిపాల్ చాకో, విద్యాశాఖ డైరెక్టర్ స్టేథమ్ సరేనన్నారు. 1940లో సీటొచ్చింది. తోడుగా లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్లో చేరారు. 1943లో డిగ్రీ ఇచ్చేటప్పుడు అచ్చేసిన పట్టాల్లో 'హి' కొట్టేసి 'షి' అని రాయాల్సొచ్చింది. అడిగితే ఇచ్చారన్నమాట, అడిగేవాడు అదే కాలేజీ ప్రొఫెసరైతే. మిగతా ఊళ్ళలో మిగతా అమ్మాయిల తరఫున ఎవరు వెళ్ళి అడగాలి?

తర్వాత సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో పని. అది వదిలి కొన్నాళ్ళు తండ్రి పరిశోధనలో సాయం చేశారు. డబ్బు చాలక 1948లో కలకత్తా వెళ్ళి, అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు.

అక్కడ పని ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్, సబ్‌స్టేషన్ లేఅవుట్లు, రక్షణ పరికరాలు. భాక్రా నంగల్ జనరేటర్లలో కూడా ఆవిడ చెయ్యి ఉంది. వోల్టేజీ పదింతలు పెంచితే అంతే పవర్‌కి కరెంటు పదో వంతవుతుంది, తీగలో వేడిగా పోయేది నూరో వంతుకి దిగుతుంది. అందుకే జనరేటర్ దగ్గర పెంచి, దారిలో సబ్‌స్టేషన్లలో మెట్టుమెట్టుగా దించుతారు. ఎక్కడన్నా తీగలు రాసుకుంటే సెకన్లో చిన్న వంతులో ఆ ముక్కని విడదియ్యాలి, లేదంటే ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో మా తనకల్లు వస్తుంది. బోరు మీదే బతికే మా వైపు రైతుకి దీని విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వారంలో టమాటా తోట వాడిపోతుంది.

ఇంత డిజైన్ చేసిన మనిషి సైట్లకి వెళ్ళేవారు కాదు. విధవరాలు ఒంటరిగా ఊళ్ళు తిరగడం అప్పట్లో కుదరని పని. డ్రాయింగులు వెళ్ళేవి, ఆవిడ ఆఫీసులో. మనం ఆన్‌సైట్ కోసం మేనేజర్ చుట్టూ తిరుగుతాం, ఆవిడ తను గీసిన సబ్‌స్టేషన్ దగ్గరికే పోలేకపోయారు.

ఆ మనిషే 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకి సొంత హోదాలో వెళ్ళారు. నూట యాభై ఏళ్ళ కిందటైతే మొగుడి చితి మీదే తననీ కాల్చేసేవాళ్ళని అక్కడ అన్నారట. 1966లో లండన్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ పూర్తి సభ్యత్వం ఇచ్చింది. తోడు చేరిన త్రేసియా 1971లో కేరళ పీడబ్ల్యుడీకి చీఫ్ ఇంజనీరయ్యారు.

లలిత గారు 1977లో రిటైరయ్యారు, 1979 అక్టోబరు 12న పోయారు. పాపని పెంచడానికి ఎంచుకున్న వృత్తిలో దాదాపు ముప్పై ఏళ్ళు ఒకే కంపెనీలో పనిచేశారు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.