వడగాడ్పులో గ్యాస్ టర్బైను

1939వ సంవత్సరమున స్విట్జర్లాండులోని నూషాటెల్ పట్టణమున బ్రౌన్ బోవెరీ కంపెనీవారు విద్యుదుత్పత్తికై ఒక గ్యాస్ టర్బైనును నెలకొల్పిరి. పట్టణమునకు విద్యుత్తునిచ్చు కేంద్రములలో గ్యాస్ టర్బైను చేరుట అదే మొదలు. దాని చక్రము సుమారు 15,000 కిలోవాట్ల శక్తిని పుట్టించెడిది. అందు 11,000 కిలోవాట్లకు పైగా గాలిని నొక్కిపెట్టు కంప్రెసరే మింగివేసెడిది. రాబడిలో ముప్పాతిక ఇంటిఖర్చుకే పోవు సంసారము వంటిది! నేటి యంత్రములు ఎంతో మెరుగుపడినవి. అయినను కంప్రెసరు వాటా ఇప్పటికిని దాదాపు సగము.

అట్టి యంత్రము వడగాడ్పుల సీమలో ఎట్లు పనిచేయును? గ్యాస్ టర్బైను శక్తిని 15 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లెక్కగట్టుట పరిపాటి. పల్నాటి రెంటచింతలలో మే నెలలో 45 డిగ్రీలు దాటుట వింత కాదు. యంత్రము పీల్చు గాలి ఘనపరిమాణము మారదు గాని, గాలి పలుచబడుటచే ద్రవ్యరాశి దాదాపు పదవ వంతు తగ్గును. పైగా వేడిగాలిని నొక్కుటకు శ్రమ ఎక్కువ. ఈ రెండు నష్టములును కలిసి 100 మెగావాట్ల యంత్రము 80 ప్రాంతమునకు దిగిపోవును. సరిగా ఆ దినములలోనే గుంటూరు శీతల గిడ్డంగులు మిరప బస్తాలతో నిండియుండి విద్యుత్తు కొరకు ఆత్రపడును.

1990 దశకమున గోదావరి ఒడ్డున విజ్జేశ్వరము, జేగురుపాడులలోను, కాకినాడలోను, 2000లో కృష్ణాతీరపు కొండపల్లిలోను గ్యాసు విద్యుత్కేంద్రములు వెలసిన పిమ్మట ఈ సమస్య మన ఇంటి సమస్యయైనది.

విరుగుడు మన పెద్దలెరిగినదే: తడిపిన వట్టివేళ్ళ తడిక. గాలి వచ్చు దారిలో తడి పలకలను నిలిపినను, సన్నని తుంపరలను చల్లినను, నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని గ్రహించును. ఎంతవరకు? ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టి విసరినచో పాఠశాలలోనే తెలియును. 44 డిగ్రీల వేడి, 20 శాతము తేమ ఉన్న పల్నాటి గాలిలో అది 25 డిగ్రీల దరికి దిగును. 36 డిగ్రీల వేడి, 60 శాతము తేమ ఉన్న కాకినాడ తీరమున 29 దాటి దిగదు. ఉక్కపోతలో తడిక పనిచేయకుండుటకు కారణమిదే.

ఖర్చు లేకపోలేదు. సెకనుకు 300 కిలోగ్రాముల గాలిని 16 డిగ్రీలు చల్లార్చుటకు గంటకు సుమారు 7 టన్నుల నీరు ఆవిరి కావలెను. తీరప్రాంతములకు శీతల గిడ్డంగులలో వాడు శీతలీకరణ యంత్రములే మేలు. తేమ ఎక్కువైనను అవి గాలిని చల్లార్చగలవు. కాని పుట్టిన విద్యుత్తులో కొంత అవే తినివేయును. టర్బైను విడుచు వేడిపొగతోనే శీతలీకరణ సాగించు లిథియం బ్రోమైడు విధానము ఈ లోపమును చాలవరకు తీర్చును.

గాలి చల్లబడినను మండుటకు గ్యాసు కావలెను. కృష్ణా గోదావరి సముద్రగర్భమున డి-6 క్షేత్రపు ఉత్పత్తి 2009లో మొదలై త్వరలోనే పడిపోయినది. 2013లో అచ్చటి గ్యాసు విద్యుత్కేంద్రములకు నిలిచిపోగా, ఆంధ్రదేశమున పెక్కు టర్బైనులు ఏ ఋతువునందును తిరుగక నిలిచినవి.