గస్తీ దారి నుంచి యాత్రాపథం దాకా

ఇంగ్లండు నైరుతి కొసన మైన్‌హెడ్ పట్టణం నుంచి పూల్ రేవు ముఖద్వారం దాకా సముద్రాన్ని అంటిపెట్టుకుని 630 మైళ్లు, అంటే సుమారు వెయ్యి కిలోమీటర్లు సాగే సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ నేడు వీపున గుడారం మోసుకుని ఒంటరిగా దూరప్రయాణం చేసే పాదచారులకు సుపరిచితమైన బాటే అయినా, దానిని తొక్కి దారి చేసినవారు విహారయాత్రికులు కారు, సుంకాల కోసం కాపలా కాసిన ఉద్యోగులు.

పద్దెనిమిదో శతాబ్దంలో యుద్ధాల ఖర్చుకై బ్రిటిష్ ప్రభుత్వం తేయాకు, బ్రాందీ, పొగాకులపై సుంకాలు విపరీతంగా పెంచడంతో, ఆ సరకులను ఫ్రాన్సు వైపు నుంచి చీకట్లో తెచ్చి దించే దొంగరవాణా కార్న్‌వాల్, డెవన్ పల్లెలకు చేపల వేటతో పాటు మరో జీవనాధారమైంది. దానిని అరికట్టడానికి 1809లో ఏర్పడిన ప్రివెంటివ్ వాటర్ గార్డ్‌ను 1822లో ఇతర దళాలతో కలిపి కోస్ట్‌గార్డ్‌గా, అంటే తీర రక్షక దళంగా, రూపొందించారు. స్థానికులతో కుమ్మక్కు కాకుండా రక్షకులను సొంత ఊళ్లకు దూరంగా నియమించి, వారికి విడిగా ఇళ్లు కట్టించారు. ఆ ఇళ్ల వరుసలు ఇప్పటికీ తీరం వెంట కనిపిస్తాయి. రాత్రివేళ కాలినడకన తిరిగే ఈ రక్షకులు ప్రతి కోవ్‌లోకి, అంటే కొండల నడుమ ఒదిగిన చిన్న ఖాతంలోకి, పైనుంచి తొంగిచూడవలసి ఉన్నందున, వారి దారి అడ్డదారులు పట్టక కొండ అంచునే నడిచి, ప్రతి వాగు లోయలోకి దిగి మళ్లీ ఎక్కింది. మొత్తం ఎక్కుడును కూడితే ఎవరెస్టు ఎత్తుకు దాదాపు నాలుగు రెట్లు ఉంటుందని చెప్పే ఈ బాట కాఠిన్యానికి నేల తీరుతో పాటు ఆ కాపలా విధి కూడా కారణం.

గస్తీ ఆగిన తరువాత, దూరపు కాలిబాటల ఏర్పాటుకు వీలు కల్పించిన 1949 నాటి చట్టం దీనికి కొత్త జీవం పోసింది. కార్న్‌వాల్ భాగం 1973లో, సోమర్సెట్, ఉత్తర డెవన్ భాగం 1978లో తెరుచుకున్నాయి.

బాట ఇలా ఏర్పడగా, దానిపై నడిచేవారు వెంట తీసుకెళ్లే, ఒక్క మనిషి మోయగల గుడారం వేరే దారిలో వచ్చింది. వృత్తిరీత్యా దర్జీ అయిన థామస్ హైరమ్ హోల్డింగ్ తేలికైన గుడారాలను రూపొందించి, 1901లో సైకిలుపై తిరిగే శిబిరవాసుల సంఘానికి పునాది వేసి, 1908లో శిబిర జీవనంపై సమగ్రమైన గ్రంథం వెలువరించాడు.

అయితే ఈ తీరంపై నడిచే హక్కునిచ్చిన చట్టం రాత్రి విశ్రమించే హక్కును ఇవ్వలేదు. భూయజమాని అనుమతి లేకుండా బాట పక్కన గుడారం వేయడం నేటికీ చట్టసమ్మతం కాదు. స్కాట్లాండు 2003 నాటి భూసంస్కరణ చట్టంతో, బాధ్యతగా మెలిగే పాదచారికి ఆ హక్కును కల్పించింది. డెవన్‌లోనే ఉన్న డార్ట్‌మూర్ ఉమ్మడి బీళ్లలో ఆ హక్కు ఉన్నదని 2025లో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రోజుల తరబడి నడవవలసిన తీరబాటకు కూడా దానిని విస్తరింపజేయడమే న్యాయం.